అడవిని కాచెడి విద్య



ఎవ్వరికిని ఉపయోగపడక వ్యర్థమైన దానిని మనము "అడవిగాచిన వెన్నెల" యందుము. ముంగిట కాసిన వెన్నెలకు చూచువారు కలరు గనుక విలువ కలదట. అడవిలో కాసిన వెన్నెలకు చూచువారు లేరు గనుక విలువ లేదట. ఈ మాటను పుట్టించినవారు ఊరిలోనివారై యుందురు. అడవిలో వెన్నెలను చూచువారు పూర్వమును ఉండిరి, నేడును ఉన్నారు. ఆ వెలుగున నీటిపట్టునకు దిగిన దుప్పుల మందను కనిపెట్టువారును, చీకటి రాత్రులలో చెవులతోనే వేటకాని అడుగును పోల్చువారును కలరు. ఈ మాసము వారిని గూర్చియు, వారు నేర్వవలసిన విద్యను గూర్చియు కొన్ని మాటలు వ్రాయ దలచితిని.

ఇందులకు కారణము కలదు. మా విద్యానగరులోని ఒక గృహిణి, తన రెండవ కుమార్తె అటవీశాఖలో బీటు ఆఫీసరు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టెదనని పట్టుబట్టుచున్నదని చెప్పి, నన్ను రెండు ప్రశ్నలడిగినది. "అడవిని కాచుటకు నేర్వవలసినది ఏమున్నది, వదినగారూ? కర్ర పట్టుకొని తిరుగుటయే కదా! ఇంత చదివినది అందులకా?" అనునది మొదటిది. "ఆడపిల్లను అడవికి పంపుట యెట్లు?" అనునది రెండవది. ఆ పని యెట్టిదో తెలియనిదే అది మన పిల్లలకు తగునో తగదో చెప్పలేము. కావున వరుసగానే విచారింతము.

అడవి యనగానే మనకు ఎక్కడనో దూరముననున్న కొండలు తోచును. మన నగరము చుట్టునే మూడు జాతీయ ఉద్యానములు కలవనియు, తెలంగాణలోని జాతీయ ఉద్యానములు ఈ మూడేననియు చాలమందికి తెలియదు. వనస్థలిపురము చెంతనున్న మహావీర హరిణ వనస్థలి మొదటిది. పూర్వము ఇది నిజాము ప్రభువుల వేటభూమి. మహావీరుని 2500వ నిర్వాణోత్సవ సందర్భమున 1975లో దీనికి ఆ పేరు పెట్టి, కృష్ణజింకలకు అభయస్థానముగా చేసిరి. దీని వైశాల్యము 14.59 చదరపు కిలోమీటర్లు. చిలుకూరు బాలాజీ గుడికి పోవు ప్రక్కనున్న మృగవని రెండవది, అది 3.60 చదరపు కిలోమీటర్లు. జూబిలీహిల్సులో చిరాన్ భవనము చుట్టునున్న కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము మూడవది. అది ఒకటిన్నర చదరపు కిలోమీటర్లకును తక్కువ. నలువైపుల ఇండ్లును రోడ్లును క్రమ్ముకొని వచ్చుచుండగా ఇవి దీవులవలె మిగిలినవి.

వీని చుట్టును గోడలును కంచెలును ఉన్నవి గదా, కాపరి యేల యని తోచవచ్చును. గోడ మనుష్యుని కొంతవరకు ఆపును. వీధికుక్కల గుంపును, కొట్టుకొని వచ్చు మురుగునీటిని, ఎండుగడ్డిపై పడిన నిప్పురవ్వను ఆపలేదు. మందలో ఈ యేడు పిల్లలెన్ని బ్రతికినవో, వైశాఖమున నీటిగుంట యెన్నినాళ్లు నిలుచునో, గడ్డి చోటును పిచ్చిమొక్క లెంత ఆక్రమించినవో గోడ చెప్పజాలదు. చెప్పగలిగిన మనిషి యొక డుండవలెను.

మా యింటివారు ఉపాధ్యాయులు. ఒకమారు తమ బడిపిల్లలను వనస్థలికి తీసికొని పోయిరి. రెండు గంటలు తిరిగినను పిల్లలకు జింక కనబడలేదట. వారు విసుగుకొనుచుండగా వెంట వచ్చిన కాపరి నేలపై ఒకచోట కుప్పగా పడియున్న పెంటికలను చూపి, "ఇది మగజింక తన హద్దు చెప్పుకొన్న చోటు. అది ప్రతి దినము వచ్చి ఇక్కడనే వేసి పోవును. ఈ పెంటికలు తడిగానున్నవి; అది దూరము పోలేదు" అని చెప్పెనట. కొంతసేపటికి ఆ చుట్టుపట్లనే మెలితిరిగిన కొమ్ములతో నల్లని జింక నిలిచియుండుట పిల్లలందరు చూచిరి. అంతవరకు వారు నడచిన నేలయే యది. చూచెడి విద్య లేని కంటికి అది వట్టి నేల. ఆ విద్య కలిగిన కంటికి అదియొక పుస్తకము.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాగవనాధ్యక్షుడను ఉద్యోగి కలడు. అతడు ఏనుగులుండెడి అడవికి అధికారి. అతని క్రింది వనపాలురు ఏనుగులు పండుకొన్న తావులను, అడుగుజాడలను, లద్దెలను, అవి గట్లు కుమ్మిన గురుతులను బట్టి మంద జాడ తెలిసికొనవలెను. మందలో తిరుగునదేదో, ఒంటరిగా తిరుగునదేదో, మందకు పెద్ద యేదో, గున్న యేదో వ్రాతమూలకముగా ఎరిగి యుండవలెను. చూచుట, గుర్తించుట, ఉన్నది ఉన్నట్లు వ్రాసి యుంచుట అను నీ మూడు పనులును ఆనాడే వనపాలునికి విధింపబడినవి. కర్ర పట్టుటయే చాలునని అందు చెప్పలేదు.

ఇక నేటి యేర్పాటు చూతము. అడవిని బీట్లుగా పంచుదురు. కొన్ని బీట్లు కలిసి సెక్షను, కొన్ని సెక్షనులు కలిసి రేంజి, కొన్ని రేంజులు కలిసి డివిజను. పైనున్న అధికారి ఆజ్ఞ యెంత గొప్పదైనను, తెల్లవారి ఆ నేలపై కాలుపెట్టునది బీటు ఆఫీసరే. ఇంటి పెద్ద యెచటనున్నను, పొయ్యిమీది పాలు పొంగకుండ చూచునది దగ్గరనున్న చేయియే గదా! అందుచేత ఎంపిక సమయముననే నడక పరీక్ష పెట్టుదురు. నాలుగు గంటలలో పురుషులు 25 కిలోమీటర్లును, స్త్రీలు 16 కిలోమీటర్లును నడువవలెను. ఎంపికైన పిమ్మట శిక్షణ. మన నగరమున కుత్తరముననున్న దూలపల్లిలో రాష్ట్ర అటవీ అకాడమీ కలదు. సిద్ధిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల 2016లో ఏర్పడినది; ఇంటర్మీడియటు ముగిసిన పిల్లలు అందు చేరి నాలుగేండ్లు అటవీశాస్త్రము చదివి పట్టము పొందవచ్చును. అధికారులకు వన్యప్రాణి విషయమున ప్రత్యేక శిక్షణ నిచ్చుటకు 1982లో డెహ్రాడూనులో భారత వన్యప్రాణి సంస్థను నెలకొల్పిరి. అందు పై అధికారులకు పదినెలల పాఠమును, రేంజి అధికారులకు మూడు నెలల పాఠమును కలవు.

డెహ్రాడూనులో అటవీ విద్యాలయము 1878లోనే వెలసినది. కాని ఆనాటి విద్య ముఖ్యముగా కలపను గూర్చినది. ఏ మ్రానును ఎన్నేండ్లు పెంచి, ఎప్పుడు కొట్టినచో ఎంత రాబడి వచ్చునో నేర్పెడివారు. పులి వేటగాని వినోదమునకును, జింక అతని భోజనమునకును మిగిలినవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1973 ఏప్రిల్ 1వ తేదీన పులుల పథకము ఆరంభమైనది. అప్పటినుండి అటవీ ఉద్యోగి పాత్ర మారినది. కలపకు కాపరియైనవాడు ప్రాణములకు కాపరి కావలసి వచ్చెను. ఇతర దేశములలోను ఇట్లే జరిగినది. ఆఫ్రికాలో టాంజానియా దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన కొలదికాలమునకే, 1963లో, కిలిమంజారో పర్వతపు వాలున మ్వేకా యనుచోట వన్యప్రాణి పాలనకు ప్రత్యేక కళాశాల పెట్టిరి. అంతవరకు పరదేశపు అధికారులు నడపిన ఉద్యానములను తమ బిడ్డలు నడపవలెనన్నచో ముందుగా వారికి విద్య గరపవలెనని ఆ దేశీయులు గ్రహించిరి.

ఈ శిక్షణలో నేర్పునవేవి? చెట్లను ఆకునుబట్టియు బెరడునుబట్టియు పోల్చుట, జాడ చదువుట, పటము చూచి దారి తెలిసికొనుట, వేసవికి ముందే గడ్డి కోసి నిప్పు ప్రాకకుండ దారులు తీయుట, పాము కాటునకు ప్రథమ చికిత్స, గాయపడిన జంతువును పట్టునప్పుడు పాటింపవలసిన జాగ్రత్తలు, చట్టము, పంచనామా వ్రాయుట మొదలగునవి. ఈ కడపటిది చిన్న విషయముగా కనబడును. కాని అడవిలో ప్రాణములకు తెగించి పట్టిన దొంగ, వ్రాతలో పొరపాటున్నచో కోర్టులో విడుదలై మరల అడవికే వచ్చును. కావున చక్కగా వ్రాయగల చేయియు అడవికి రక్షయే.

ఇంత చదువు లేనిచో కలుగు నష్టమునకు సరిస్కా కథ చాలును. రాజస్థానములోని సరిస్కా పేరుపొందిన పులుల అభయారణ్యము. ఏటేట పులులను లెక్కించుచునే యుండిరి. పుస్తకములలో పులులు ఉండినవి. 2004, 2005 సంవత్సరముల నడుమ తెలిసినదేమనగా, అడవిలో ఒక్క పులియు మిగులలేదు. వేటకాండ్రు అన్నింటిని చంపిరి. అంతవరకు అడుగుజాడకు సున్నపుపిండి వంటిది పోసి అచ్చు తీసి పులిని లెక్కించెడి పద్ధతి యుండెను. మెత్తనినేలపై పడిన జాడయు గట్టినేలపై పడిన జాడయు ఒకే పులివైనను వేరువేరుగా కనబడును. లెక్క పెరుగుటయే కోరెడివారికి అది అనుకూలము. ఆ దెబ్బతో పద్ధతి మారినది. నేడు చెట్లకు కెమెరాలు కట్టి, పులి ప్రక్కన నడచినంతనే బొమ్మ పడునట్లు చేయుదురు. మన వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒకటిగా నుండవు గనుక బొమ్మలను పోల్చి లెక్క వేయుదురు. అయినను కెమెరా యెచట కట్టవలెనో పులి నడచు త్రోవ యెరిగిన మనిషియే చెప్పవలెను. ఎక్కువ చెప్పి మెప్పు పొందుటకంటె తక్కువ చెప్పి చివాట్లు తినుట మేలను ధైర్యము ఆ మనిషికి ఉండవలెను. ఇంటి జమాఖర్చు వ్రాయు మనకు ఈ మాట వివరింపనక్కరలేదు.

మధ్యప్రదేశములోని పన్నాలో 2009 నాటికి ఇట్టి వినాశమే సంభవించినది. కాని అచట దానిని చక్కదిద్దిన నాయకత్వమును కనబడినది. ఆర్. శ్రీనివాసమూర్తి అను అధికారి ఆ వనమునకు క్షేత్రసంచాలకులుగా నుండిరి. ఇతర అడవుల నుండి రెండు ఆడపులులను తెచ్చి, పేంచ్ అడవినుండి ఒక మగపులిని తెచ్చిరి. ఆ మగపులి విడిచిన కొలది దినములకే తన పుట్టినచోటి దిక్కు పట్టి నడక సాగించినది. ఏనుగులతోను, పదులకొలది సిబ్బందితోను ఒక నెలపాటు పొలములు, ఊళ్లు, నదులు దాటి దాని వెంట నడిచి, 2009 డిసెంబరు 25వ తేదీన దానిని మత్తుమందుతో పట్టి మరల పన్నాకు చేర్చిరి. 2010 ఏప్రిలులో అచట పులిపిల్లలు పుట్టినవి. ఆ నెలదినములు చలిలో నడచినవారిలో హెచ్చుమంది చిన్న జీతముల కాపరులే. నాయకుడు వారిని నమ్మెను, వారితో నడిచెను. కావుననే వారు నడిచిరి.

మన నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు అడవికి వత్తము. కృష్ణకు ఆవలి నాగార్జునసాగరు-శ్రీశైలపు అడవితో కలిసి ఇది 1983లో పులుల పథకములో చేరినది. రాష్ట్రము విడిపోయిన పిమ్మట ఈవలి భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. వైశాల్యము 2,600 చదరపు కిలోమీటర్లకు పైచిలుకు. ఈ నల్లమల చెంచులకు పుట్టినిల్లు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని మనము పాడుకొందుము గదా. ఆ లెక్కను వీరు మన వియ్యాలవారు! వీరిలో పలువురు నేడు అటవీశాఖ బేసు క్యాంపులలో కాపరులుగా పనిచేయుచున్నారు. కొండముచ్చు చెట్టుకొనను కీచుమన్నచో అది పులిని చూచి అరచినదో, ఊరకే అరచినదో వీరు చెప్పగలరు. ఏ వాగులో ఏ నెల వరకు నీరుండునో వీరికి తాతలనాటి లెక్క. పట్టము పుచ్చుకొని వచ్చిన అధికారికి పటము తెలియును; ఈ చెంచు కాపరికి నేల తెలియును. వీరిని కూలివారుగా గాక గురువులుగా చూచు అధికారియే మంచి నాయకుడగును. ఈ వినయము ఏ అకాడమీలోను ఒక పాఠముగా చెప్పి ముగించునది కాదు, దినదినము అలవరచుకొనవలసినది.

అయితే అడవిని కాచుటలో కష్టతరమైన పాఠము జంతువును గూర్చినది కాదు, మనుష్యుని గూర్చినది. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా కాగజునగరు అడవులకు మహారాష్ట్ర వైపునుండి పులులు వచ్చుచుండును. 2024 జనవరిలో అచట రెండు పులులు చచ్చిపడియుండెను. పులి చంపిన పశువు కళేబరముపై విషము చల్లినందున ఇట్లు జరిగినదని తేలినది. ఆ సంవత్సరమే నవంబరు 29వ తేదీన ఆ మండలముననే ప్రత్తి యేరుచున్న ఇరువదియొక్క యేండ్ల ఇల్లాలిని పులి చంపినది. ఈ రెండు వార్తలను ఒకచోట చేర్చి చదువుడు. పులి చచ్చినదని మాత్రమే దుఃఖించువారును, మనిషి చచ్చినదని పులులనన్నిటిని చంపుమనువారును సగము సత్యమునే పలుకుచున్నారు. ప్రత్తిచేనిలో వంగి యేరునది మనవంటి స్త్రీయే. ఆవు పోయినచో ఆ యింటి పాలును, పాలతో వచ్చు పైకమును పోవును. నష్టపరిహారము ఆరు నెలలకు గాని రానిచో ఆ యింటివాడు విషపు పొట్లము కొనుటకు ఆరు దినములు పట్టదు. కావున, పశువు చచ్చిన దినముననే ఆ యింటికి పోయి, కూర్చుండి, దరఖాస్తు తానే వ్రాసియిచ్చి, సొమ్ము త్వరగా ఇప్పించు రేంజి అధికారి పది తుపాకులకంటె ఎక్కువగా పులిని కాచును. ఆ దుర్ఘటన తరువాత కాగజునగరు ప్రాంతమున కూలీలు ఒంటరిగా పోరాదనియు, ప్రొద్దెక్కిన పిదప చేలకు పోయి సాయంకాలమునకు ముందే మరలవలెననియు చెప్పి, తల వెనుకకు కట్టుకొనుటకు ముఖపు బొమ్మలను పంచిరి. పులి వెనుకనుండి దుముకును గనుక, ఎదుట ముఖము కనబడినచో జంకునని ఈ ఉపాయము.

ఈ మానవధర్మము నెరిగిన తెలుగువాడొకనిని స్మరింతము. రాజమండ్రిలో పుట్టిన పందిళ్లపల్లి శ్రీనివాస్ కర్ణాటకలో అటవీ అధికారిగా పనిచేసెను. ఏనుగుల దంతములకై వీరప్పన్ వేటాడిన కాలమది. శ్రీనివాస్ ఆ గోపీనాథము గ్రామముననే నివసించి, అచటివారికి వైద్యము చేయించి, మారియమ్మ గుడి కట్టించి, వారి మనస్సులు గెలువ జూచెను. 1991 నవంబరు 10వ తేదీన వీరప్పన్ నమ్మించి పిలిపించి ఆయనను చంపెను. ప్రభుత్వము కీర్తిచక్రముతో ఆయనను గౌరవించినది. ఆయన పోయినను ఆ యూరివారు ఆయనను తలచుట మానలేదు.

ఇంతవరకు చెప్పినది మొదటి ప్రశ్నకు జవాబు. అడవిని కాచుట నడకయు చదువును, సత్యమును, వినయమును, దయయు కలిసిన విద్య. ఇక రెండవ ప్రశ్న. ఆడపిల్లను పంపవచ్చునా?

తల్లి భయమును నేను తేలికగా కొట్టివేయను. ఆ భయమునకు ఆధారము కలదు. 2019 జూన్ 30వ తేదీన కాగజునగరు ప్రాంతమున మొక్కలు నాటించుటకు పోయిన ఒక మహిళా రేంజి అధికారిణిని గుంపుగా వచ్చినవారు కర్రలతో కొట్టిరి. 2022 నవంబరు 22వ తేదీన భద్రాద్రి కొత్తగూడెము జిల్లా బెండాలపాడు చెంత రేంజి అధికారి చలమల శ్రీనివాసరావును కత్తులతో పొడిచి చంపిరి. మగవాడైనంత మాత్రమున ఆయనకు రక్ష కలుగలేదు. ఆడుదియైనంత మాత్రమున ఆమె వెనుదీయలేదు. కనుక అపాయము ఆడతనమును బట్టి వచ్చినది కాదు, ఉద్యోగమును బట్టి వచ్చినది. అట్లని ఊరకుండుట తగదు. అడవిలో పనిచేయు ఆడపిల్లలకై మనము అడుగవలసినవి కొన్ని కలవు. ఒంటరిగా బీటు తిరుగ పంపకుండుట, మాట అందని చోట వైర్‌లెస్సు ఇచ్చుట, బేసు క్యాంపులో తలుపున్న గదియు మరుగుదొడ్డియు కట్టించుట, దాడి జరిగినచో శాఖ తానే ముందు నిలిచి కేసు నడపుట, గర్భిణికిని బాలింతకును దగ్గరి పని యిచ్చుట. ఇవి దయతో చేయు మేలులు కావు; ఉద్యోగినికి హక్కులు. "మా పిల్లను పంపము" అనుటకంటె "ఇవి చేసి పిలువుడు" అనుట తల్లికి శోభించును.

స్త్రీలు ఈ పనికి తగుదురా యను మాటకు జవాబు ఇదివరకే వచ్చినది. భారత అటవీ సేవలో స్త్రీలు 1980లో తొలిసారిగా చేరిరి. మన తెలంగాణ అటవీశాఖకే ఆర్. శోభగారు ప్రధానాధికారిణిగా నుండి శాఖను నడపిరి. గుజరాతులోని గిర్ అడవిలో 2007 నుండి స్త్రీలను కాపరులుగా తీసికొనుచున్నారు. బావిలో పడిన సింహమును పైకి తీయు పనిలోను వారు పాల్గొనుచున్నారు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో 2017లో అకషింగ యను దళము పుట్టినది. భర్తలు విడిచినవారు, అనాథలు, కష్టములలో మ్రగ్గినవారు అందు చేరి, ఏనుగులను కాచుచు తమ పిల్లలను చదివించుకొనుచున్నారు. ఇంత దూరమేల? 1730లో రాజస్థానములో ఖేజడ్లి గ్రామమున చెట్లు కొట్టవచ్చిన రాజభటుల కడ్డమై చెట్టును కౌగిలించుకొని తొలుత ప్రాణమిచ్చినది అమృతాదేవి యను గృహిణి. ఆమె వెనుక 360 మందికి పైగా ప్రాణములర్పించిరి. నేడు సెప్టెంబరు 11వ తేదీని అటవీ అమరుల దినముగా జరుపుట ఆ బలిదానమును తలచియే.

స్త్రీకి ఇంకొక అనుకూలమును కలదు. అడవి అంచు పల్లెలలో కట్టెలకు పోవునది, ఇప్పపూవు ఏరునది, తునికాకు కోయునది ఆడదియే. ఇప్పపూవు కనబడుటకని ఎండాకులకు నిప్పు పెట్టినచో ఆ నిప్పు కొండలకు ప్రాకును. ఆ మాటను ఆమె పెరటి గుమ్మమున కూర్చుండి మెల్లగా చెప్పగలిగినది మరియొక ఆడుదియే గాని, జీపు దిగి గద్దించెడి మగ ఉద్యోగి కాడు.

కడపట, ఇంటినుండి కదలని మనకును ఈ విద్యలో కొంత పాలు కలదు. శ్రీశైలయాత్రకు పోవునప్పుడు మన బండి మన్ననూరు మొదలు పులుల నివాసము గుండ సాగును. రాత్రి తొమ్మిది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు ఆ దారి మూయుట అందులకే. గేటు కడ కాపరితో తగవాడవలదు. దారిలో కోతులకు అరటిపండ్లును బిస్కట్లును వేయుట పుణ్యమని తలపవలదు. అవి అడవిపండ్లు మాని రోడ్డున కూర్చుండి బండ్ల క్రింద పడును. అవి తిని విత్తనములు చల్లకున్నచో చెట్టు వ్యాపింపదు. చైత్రపూర్ణిమకు సలేశ్వరము లింగమయ్య జాతరకు పోవువారు వేసవి గడ్డి నడుమ పొయ్యి పెట్టరాదు. తీసికొనిపోయిన ప్లాస్టిక్ సంచిని తిరిగి తేవలెను. పంజరమున మన దేశపు చిలుకను పెంచుట, అదృష్టమని నక్షత్రతాబేలును ఇంటనుంచుట 1972 చట్టము ప్రకారము నేరములు. ఉపనయనమునకు కృష్ణాజినము కావలెనని అంగడిలో రహస్యముగా వెదకుటయు నేరమే. వటువునకు అహింసను ఉపదేశించు దినమున చంపబడిన జింక చర్మము తెచ్చుటకంటె, పురోహితుని అడిగి మారుమార్గమున జరుపుకొనుట ధర్మము.

మా పొరుగింటి గృహిణికి ఇంతయు చెప్పితిని. ఆమె వెంటనే సరేయనలేదు. "నాలుగు గంటలలో పదునారు కిలోమీటర్లా?" అని మాత్రమే అడిగినది. ఆ మరుసటి వారము నుండి తల్లియు కుమార్తెయు వేకువజామున కలిసి నడువబోవుచున్నారు. దరఖాస్తు సంగతి ఇంకను తేలలేదు. మన యిండ్లలో ఇట్టి పిల్లలెందరో యుందురు. వారు చెట్టు పేరడిగినపుడు తెలిసినచో చెప్పుడు, తెలియనిచో వారితో కూడి తెలిసికొనుడు. సెలవుదినమున ఒకసారి వనస్థలికో మృగవనికో తీసికొని పోవుడు. జింక కనబడకపోయినను కోపింపక, నేలవంక చూడ నేర్పుడు. శిక్షణ అచట ఆరంభమగును.